మైసూరు జూ: నడవలేని మా నాయన్ని తీసుకుపోవాల, పోయొచ్చినోళ్లు చెప్పండి

మగ్గం_ధర్మవరం:
అందరికీ నమస్కారం. మాది ధర్మవరం, ఇప్పుడు సత్యసాయి జిల్లా అయింది గానీ మేం ఇంకా అనంతపురం అనే అంటాం. మా నాయనకి 71 ఏండ్లు. నలభై ఏండ్లకు పైన గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసినాడు, ఇప్పుడు రెండు మోకాళ్లూ పోయినాయి, పది నిమిషాలు నడిస్తే ఇంగ యాడో ఒక చోట కూర్చోవాల. నాకిది కావాల అని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. పోయిన వారం టీవీలో జిరాఫీని చూపిస్తాంటే "మైసూరు దాకా పోయి కూడా దీన్ని చూడకుండా వచ్చినాన్రా" అన్నాడు. కదిలిస్తే కథంతా చెప్పినాడు. నేను పుట్టకముందు, 1979లోనో 80లోనో, సేటు ఇచ్చిన చీరలు మైసూరు అంగళ్లలో వేసేదానికి పోయినాడంట. పని అయిపోయింది, రాత్రి బస్సుకి ఇంకా చానా టైం ఉంది, చేతిలో ఖాళీ సంచి, సరే జూ చూద్దామని దారి అడుక్కుంటా గేటు దాకా నడిచిపోయినాడంట. గేటుకి బీగం. ఆ రోజు మంగళవారం. మంగళవారం సెలవని ఈయనకి తెలీదు. గోడ పక్కన చెట్టు కింద కూర్చుని ఇంటి నుంచి కట్టుకుపోయిన చిత్రాన్నం తిని వెనక్కి వచ్చేసినాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ పోలేదు.

ఈ సారి తీసుకుపోవాలని గట్టిగా అనుకున్నా. లోపల ఎంత నడవాల, ముసలోళ్లకి బండి ఉంటాదా, ట్రైనులో పోవాలా కారు మాట్లాడుకోవాలా, ఏ రోజు పోతే జనం తక్కువ, ఇవన్నీ చెప్పండప్పా.

గుత్తికోట:
అన్నా, కారు వద్దు. నాయనకి మోకాళ్ల నొప్పులంటాండావు, అంత సేపు కాళ్లు ముడుచుకుని కూర్చుంటే దిగేటప్పటికే సగం ప్రాణం పోతాది. కాచిగూడ–మైసూరు ఎక్స్‌ప్రెస్ ఉంది, కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, ధర్మవరం, హిందూపురం మీద పోతాది, బెంగళూరు దాటి మైసూరుకి పొద్దున్న దింపుతాది. మన పక్క నడిరాత్రి ఎక్కాల్సొస్తాది, అదొక్కటే ఇబ్బంది, టైం మాత్రం బుక్ చేసేటప్పుడు ఒకసారి సరిచూసుకో. సీనియర్ సిటిజన్ అని వయసు సరిగ్గా వేసి లోయర్ బెర్త్ పెట్టు. నాయన పేరొక్కటీ లేదా నాయన, అమ్మ ఇద్దరే ఒక టికెట్ మీద ఉంటే లోయర్ దొరికే అవకాశం ఎక్కువ, చిన్నోళ్లని కూడా అదే టికెట్లో కలిపితే కష్టం. మా అమ్మకి రెండుసార్లు ఇట్లనే చేసినా, దొరికింది.

ఇంకోటి, మంగళవారం సంగతి ఇప్పటికీ అంతే. మంగళవారం సెలవు. పండగలప్పుడు, దసరాకి ఒక్కోసారి తెరుస్తారు గానీ దాన్ని నమ్ముకోవద్దు.

పెన్న_ఒడ్డు:
నేను హిందూపురం, మైసూరులో మూడేండ్లు చదువుకున్నా, హాస్టల్ నుంచి జూకి లెక్కలేనన్ని సార్లు పోయింటా, అందుకే కొంచెం పెద్దగా రాస్తాండా, ఓపిగ్గా చదవండి అన్నా.

పొద్దున 8.30కి తెరుస్తారు, సాయంత్రం 5.30 దాకా. తెరిచే టైంకి గేటు దగ్గర ఉండండి. అది చానా ముఖ్యం, ఎందుకంటే పొద్దున చల్లపూట జంతువులు బయట తిరుగుతాంటాయి, మేత వేస్తాంటారు, పులి నడుస్తాంటాది. పన్నెండు దాటితే అన్నీ నీడకి పోయి పండుకుంటాయి, మనం వచ్చి "ఏం లేదిక్కడ" అనుకుని పోతాం. శని ఆదివారాలు అసలు వద్దు, స్కూలు టూర్లు, బెంగళూరు జనం అంతా అప్పుడే. బుధ గురువారాలు బాగుంటాయి.

లోపల దారి ఒకే వైపుకి పోతాది, చుట్టు తిరిగి మళ్లీ బయటకి తెస్తాది, మొత్తం మూడు కిలోమీటర్ల దాకా నడక. మధ్యలో వెనక్కి తిరిగి షార్ట్‌కట్‌లో వచ్చేద్దాం అంటే కుదరదు అనుకోండి. బ్యాటరీ బండ్లు ఉన్నాయి, డబ్బులు కట్టాల. కానీ నా మాట వినండి, బండి ఎక్కితే వాళ్లు ఆపిన చోటే చూడాల, ఆపినంత సేపే చూడాల. వీల్‌చైర్ అడగండి, ఇస్తారు, దారి అంతా చదునుగా ఉంటాది, మీరు తోసుకుంటా మీ ఇష్టం వచ్చినంత సేపు నిలబడొచ్చు. చెట్లు పెద్దపెద్దవి, ఎండ అంత తెలీదు, బెంచీలు కూడా అక్కడక్కడా ఉన్నాయి.

ప్లాస్టిక్ విషయంలో గట్టిగా ఉంటారు. గేటు దగ్గర సంచి తెరిచి చూస్తారు. నీళ్ల బాటిలుకి స్టిక్కర్ వేసి డిపాజిట్ తీసుకుంటారు, బయటకి వచ్చేటప్పుడు ఆ బాటిల్ చూపిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. స్టీలు బాటిల్ తీసుకుపోతే ఈ గొడవే లేదు. తిండి స్టేషన్ దగ్గరే కడుపునిండా తినేసి పోండి.

బురుజు_కర్నూలు:
ధర్మవరం అన్నా, తప్పుగా అనుకోవద్దు, పెద్దాయన్ని అంత దూరం తిప్పే బదులు హైదరాబాద్ నెహ్రూ జూ చూడొచ్చు కదా. 380 ఎకరాలు, మీర్ ఆలం చెరువు పక్కనే, సఫారీ బండిలో కూర్చుంటే సింహాల మధ్యకి తీసుకుపోతారు, చిన్న రైలు కూడా ఉంది, నడిచే పనే లేదు. కర్నూలు నుంచి పోయేవాళ్లకి ఇంకా సులువు, సిటీలోకి పోనక్కర్లేదు, ఆరాంఘర్ దగ్గర బస్సు దిగితే జూ దగ్గరే, ఇప్పుడు ఆరాంఘర్ నుంచి జూ పార్క్ దాకా ఫ్లైఓవర్ కూడా వేసినారు. 1963లో జనానికి తెరిచినారు, అంతకు ముందు ఆ జంతువులు బాగ్-ఎ-ఆమ్‌లో, అదే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. అది కూడా పాత జూనే. సోమవారం సెలవు.

మగ్గం_ధర్మవరం:
అన్నా మంచి మాట చెప్పినావు, ఇంకొకరికైతే అదే మేలు. కానీ మా నాయనకి జూ అంటే మైసూరు జూనే. ఆయన బీగం చూసి తిరిగొచ్చిన గేటు అది. ఆ గేటులోంచే లోపలికి పోవాల.

బురుజు_కర్నూలు:
ఆ మాట చెప్పినాక ఇంక నేనేం మాట్లాడేది లేదు అన్నా. తీసుకుపో. మైసూరే.

రాయదుర్గం_టీచర్:
మా బడి పిల్లల్ని నాలుగు సార్లు తీసుకుపోయిన అనుభవంతో చెప్తున్నాను. పోయే ముందు ఆ జూ కథ పెద్దాయనకి చెప్పండి, తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది. 1892లో చామరాజేంద్ర ఒడెయరు మొదలుపెట్టించినాడు. అప్పుడది పది ఎకరాల చిల్లర మాత్రమే, ప్యాలెస్‌కి చెందిన మృగశాల. ఆయన రెండేళ్లకే, 1894లో చనిపోయినాడు. జనానికి తెరిచింది 1902లో. 1909లో ఆయన పేరు పెట్టినారు, ఇప్పటికీ బోర్డు మీద శ్రీ చామరాజేంద్ర మృగాలయ అనే ఉంటుంది. క్రుంబీగల్ అని ఒక జర్మన్ తోటల నిపుణుడు, బెంగళూరు లాల్‌బాగ్ చూసుకున్నాయన, ఆయన చేయి కూడా ఈ జూ తోటల్లో ఉంది. మీరు లోపలికి పోతే తెలుస్తుంది, ముందు తోటలా అనిపిస్తుంది, తర్వాతే జంతువుల సంగతి గుర్తొస్తుంది. స్వాతంత్ర్యం వచ్చినాక రాష్ట్రం చేతికి పోయింది, 1972లో అటవీ శాఖకి, 1979లో కర్ణాటక జూ అథారిటీకి. మీ నాయన పోయింది సరిగ్గా ఆ మార్పు జరిగిన రోజుల్లోనే అన్నమాట. పక్కనే ఉన్న కారంజి చెరువు 1976లో జూలో కలిసింది.

ఇంకో మాట. మన అనంతపురం వైపు వాళ్లకి మైసూరు పరాయి ఊరేమీ కాదు. 1800లో నిజాం మన జిల్లాల్ని ఇంగ్లీషు వాళ్లకి రాసివ్వకముందు ఇదంతా హైదర్, టిప్పు కింద ఉన్న నేల. మా రాయదుర్గంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. మీ నాయనకి చీరల వ్యాపారంలో కన్నడం వచ్చే ఉంటుంది, అక్కడ కీపర్లతో ఆయన్నే మాట్లాడనివ్వండి. పిల్లలతో పోయినప్పుడు నేను గమనించింది అదే, కన్నడంలో పలకరిస్తే వాళ్లు బోర్డులో లేని సంగతులు ఎన్నో చెప్తారు.

లంకమల_కడప:
నేను ఒకటి అడగొచ్చా, గొడవకి కాదు. నాకు జూకి పోతే కడుపులో దేవినట్టు ఉంటాది. చిన్నప్పుడు ఒక ఊర్లో ఒక చిన్న జూ చూసినా, ఇరుకు బోనులో ఒక చిరుత అటూ ఇటూ, అటూ ఇటూ, ఒకే గీత మీద తిరుగుతాండేది, సిమెంటు మీద ఆ గీత అరిగిపోయి కనపడేది. అది ఇప్పటికీ మర్చిపోలేదు. మా లంకమల అడవిలో కలివికోడి అనే పిట్ట, ఎనభై ఏండ్ల పైన ఎవరికీ కనపడక, ఇంగ లేదనుకున్నది 1986లో మళ్లీ దొరికింది, దాన్ని బోనులో పెట్టి కాదు కదా కాపాడాల్సింది, ఆ చిట్టడివిని కాపాడి. మన పిల్లలకి జంతువుని చూపించాలంటే దాన్ని బంధించాలా అనేది నాకు తెగని ప్రశ్న.

నల్లమల_నడక:
లంకమల తమ్ముడూ, నువ్వు చెప్పిన చిరుత లాంటివి నేనూ చూసినా. నేను ఆత్మకూరు వైపు అడవిలోనే ముప్పై ఏండ్లు ఉద్యోగం చేసి రిటైరైనా, కాబట్టి నా మాట కూడా విను.

అట్ల తిరిగేది జంతువుకి చోటు, పని, దాక్కునే మూల లేనప్పుడు వచ్చే జబ్బు. దేశంలో అలాంటి బోనులు ఊరూరా ఉండేవి. 1992లో సెంట్రల్ జూ అథారిటీ వచ్చినాక గుర్తింపు తప్పనిసరి చేసినారు, చానా చిన్న జూలు మూతపడినాయి, సర్కస్‌లో పులులు సింహాలు పోయినాయి. మైసూరులో బోనుకి బదులు కందకాలు ఎక్కువ, మనకీ దానికీ మధ్య లోతు గుంత, అవతల మట్టి, చెట్టు, నీళ్లు. అడవితో సమానం అని నేను అనను. ఏ జూ అడవి కాదు.

కానీ కలివికోడి సంగతి తెచ్చినావు కాబట్టి మన రోళ్లపాడు బట్టమేక పిట్ట సంగతి చెప్తా. నందికొట్కూరు దగ్గర దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టినారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కళ్లతో చూసినా, నడుము ఎత్తు పక్షి, గడ్డిలో దొరసాని మాదిరి నడిచేది. ఇప్పుడు అక్కడికి పోతే కృష్ణజింకలు కనపడతాయి గానీ ఆ పిట్ట కనపడదు. గడ్డి నేలలు పొలాలయినాయి, కరెంటు తీగలు వచ్చినాయి. ఆ జాతిని పిల్లలు చేయించే కేంద్రం రాజస్థాన్ జైసల్మేర్ దగ్గర 2019లో మొదలుపెట్టినారు. అదే పని ముప్పై ఏండ్ల ముందు ఎవరైనా మొదలుపెట్టింటే మన రోళ్లపాడు పిట్ట కూడా మిగిలుండేదేమో అని నాకు రాత్రిపూట అనిపిస్తాది. ఇంకొక పక్క చూడు, హైదరాబాద్ జూలో మూషిక జింకల్ని, కుందేలంత ఉంటాయి, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలినారు. జూ అనేది ఆ పనికి ఉపయోగపడితే నేను దాని పక్షం. తెల్ల పులి చూపించి టికెట్లు అమ్మేదానికైతే కాదు. తెల్ల పులి వేరే జాతి కూడా కాదు, ఒక జన్యువు తేడా, ఆ రంగు కోసం దగ్గర చుట్టరికంలోనే జత కట్టించి వాటిని పాడు చేసినారు.

ధర్మవరం తమ్ముడూ, నీకు ఒక్క మాట. లోపల ఏ జంతువుని చూసినా అరవొద్దు, ఈలలు వద్దు, వాటి అరుపుని మనం చేసి చూపించొద్దు, ఏమీ విసరొద్దు. జూలో జంతువుల్ని ఏడిపించడం వన్యప్రాణి చట్టంలో నేరం, 38జె అని సెక్షనే ఉంది. మన పెద్దోళ్లు ప్రేమతోనే పిలుస్తారు, వాటికి అది ప్రేమని తెలీదు.

లంకమల_కడప:
అన్నా మీరు చెప్పిన బట్టమేక పిట్ట మాట చదివి చానా సేపు ఊరికే కూర్చున్నా. నా మనసు మారింది అని చెప్పను, ఆ చిరుత నన్ను వదలదు. కానీ ధర్మవరం అన్న నాయన పోవాల, అందులో నాకు రెండో మాట లేదు.

మగ్గం_ధర్మవరం:
నల్లమల అన్నా, అరుపు అన్నావు కాబట్టి గుర్తొచ్చింది, ఇది ముందే రాయాల్సింది. ఆ రోజు గోడ పక్కన చెట్టు కింద కూర్చున్నప్పుడు లోపల నుంచి ఒక అరుపు వినపడిందంట. మా నాయన ఇప్పటికీ చేసి చూపిస్తాడు. మొదట చిన్నగా "హూ... హూ..." అని, తర్వాత గబగబా పైకి పోతా, రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడినట్టు, చివరికి సన్నగా. ఒకటి ఆపితే ఇంకోటి అందుకునేదంట. చానా సేపు విన్నాడంట. గేటు కాడ వాచ్‌మన్‌ని అడిగితే నవ్వి పోయినాడంట. అది ఏ జంతువో ఆయనకి తెలీదు, ఎవరినీ మళ్లీ అడగలేదు. ఏమై ఉంటాది?

గుత్తికోట:
నెమలి?

మగ్గం_ధర్మవరం:
నెమలి కాదన్నా, నెమలి మా ఊరి చేలల్లో దినామూ అరుస్తాది, ఆయనకి తెలీదా.

బురుజు_కర్నూలు:
సింహం అయితే అంత దూరం వినపడుతుంది. కానీ సింహం సన్నగా అరవదు కదా.

నల్లమల_నడక:
రెండు గొంతులు, ఒకటి ఆపితే ఇంకోటి, హూ అని మొదలై పైకి పోవడం. నా లెక్క ప్రకారం హూలాక్ గిబ్బన్. మన దేశంలో ఉండే తోక లేని కోతి జాతి అదొక్కటే, ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉంటాది, బ్రహ్మపుత్రకి దక్షిణం వైపు. మగది నల్లగా, ఆడది గోధుమ రంగు, కనుబొమ్మలు తెల్లగా దిద్దినట్టు ఉంటాయి. ఆలుమగలు కలిసి పాడతాయి, ఎక్కువ పొద్దున పూట, కిలోమీటరు పైన వినపడుతుంది. ఒకటి మొదలుపెడితే ఇంకోటి అందుకోకుండా ఉండదు. అస్సాంలో ట్రైనింగ్‌కి పోయినప్పుడు విన్నా, ఒళ్లు జలదరించింది. మైసూరు జూలో ఉన్నాయి. చూపించు.

పెన్న_ఒడ్డు:
నిజమే నిజమే! హాస్టల్లో ఉన్నప్పుడు కొన్ని పొద్దున్నలు ఆ అరుపు అటు వైపు పోతాంటే వినపడేది, నేను ఎవరో పిల్లోళ్లు అరుస్తాండారు అనుకునేదాన్ని. అన్నా, నాయనతో ముందే చెప్పొద్దు, అక్కడే తెలుసుకోనీ.

మగ్గం_ధర్మవరం:
అన్నల్లారా అక్కల్లారా, పోయొచ్చినాం. బుధవారం చూసినాం, ఈ రోజు పొద్దున ధర్మవరంలో దిగినాం, నిద్ర లేదు గానీ రాయకుండా ఉండలేకపోతాండా.

లోయర్ బెర్త్ దొరికింది, గుత్తి అన్నకి దండం. మైసూరులో ట్రైను కొంచెం లేటుగా వచ్చింది, స్నానం, టిఫిన్ అన్నీ అయ్యేటప్పటికి గేటు దగ్గరికి పదిన్నర అయింది, అక్క చెప్పిన 8.30 కుదరలేదు, అది నా తప్పే, ముందు రోజే పోయి ఉండాల్సింది. గేటు చూడగానే మా నాయన ఆగిపోయినాడు. "ఇది కాదురా" అన్నాడు. నా గుండె జారిపోయింది. కొంచెం సేపు అటూ ఇటూ చూసి, రోడ్డు అవతల చెట్లు చూసి, "చోటు ఇదే, గేటు కొత్తది కట్టినారు" అన్నాడు.

వీల్‌చైర్ ఇచ్చినారు. మొదట వద్దన్నాడు, నడుస్తా అన్నాడు, పక్షుల దగ్గరే మోకాలు పట్టేసింది, తర్వాత ఏం మాట్లాడకుండా కూర్చున్నాడు. నేను తోస్తాంటే దారి పొడుగునా పెద్ద చెట్లు, అక్క చెప్పినట్టే ఎండ తెలీలేదు.

జిరాఫీ కాడ ముప్పావు గంట ఉన్నాం. నేను ఫోటో తీసి ముందుకు పోదామంటే ఆయన కదలడే. నోటు పుస్తకం చదివినట్టు చూస్తాండాడు. చివరికి నాతో ఏమన్నాడంటే, "ఒక్కదాని మీది మచ్చ ఇంకోదాని మీద లేదు చూడు. ఒక్క దాని మీదైనా ఎడమ పక్క ఉండేది కుడి పక్క లేదు. అట్టలు కొట్టి జకార్డ్ మీద నేస్తే ఇట్ల రాదు, బుటా బుటాకీ కొత్త అట్ట కొట్టాల, ఆ చీర ఒక జన్మలో దిగదు." (జకార్డ్ అంటే మగ్గం మీద చిల్లుల అట్టలతో బుటాలు, అంటే చీర మీది పూలు, నేసే సాధనం.) జిరాఫీ మచ్చలు మన వేలిముద్రల మాదిరి ఒకదానికొకటి కలవవని పక్కన బోర్డు చదివి ఎవరో చెప్తాండారు, మా నాయన బోర్డు చదవలా, చదివేదానికి కన్నడ అక్షరాలు రావు ఆయనకి, కంటితో చూసి చెప్పినాడు. జీబ్రా దగ్గర మాత్రం ఎక్కువ సేపు ఆగలేదు, "ఇది పడుగు చారే, నేయొచ్చు" అన్నాడు, పడుగంటే మగ్గం మీది నిలువు పోగులు.

గొరిల్లాల దగ్గర జనం బాగా ఉన్నారు. ఇక్కడ ఇంతకుముందు పోలో అని ఒకటే ఉండేదంట, 2014లో చనిపోయేదాకా దేశం మొత్తం మీద గొరిల్లా అంటే అదొక్కటే. 2021లో జర్మనీ నుంచి థాబో, డెంబా అని రెండు మగవి తెచ్చినారు. ఒకటి అద్దం దగ్గరికి వచ్చి కూర్చుని ఒక ఆకుకాడని చీలికలు చేసి తింటాంది, బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పీచు తీస్తాంది. మా నాయన దాని ముఖం చూడనే లేదు, చేతులే చూసినాడు. తెగిన పోగు ముడేసేటప్పుడు మేం పట్టుకునేది అట్లనే.

పెన్న_ఒడ్డు:
అన్నా చదువుతాంటే కళ్లు నిండినాయి. గిబ్బన్ సంగతి చెప్పండి తొందరగా.

మగ్గం_ధర్మవరం:
చెప్తా అక్కా. గిబ్బన్ల దగ్గరికి పోయేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆడది కొమ్మ మీద కూర్చోనుంది, మగది ఒంటి చేత్తో తాడు పట్టుకుని వేలాడతా మా వైపే చూస్తాంది. తెల్ల కనుబొమ్మలు నల్లమల అన్న చెప్పినట్టే. అరుపు లేదు. ఏమీ లేదు. నేను ఆయనకి ఏం చెప్పలేదు, ఆయన అడగలేదు. పావుగంట నిలబడినాం, ముందుకు తోద్దామని చైర్ తిప్పినా.

అప్పుడు ఒక పెద్దాయన, ఖాకీ బట్టలు, బకెట్ పట్టుకుని వస్తాండాడు. మా నాయన కన్నడంలో పిలిచి, నేను 45 ఏండ్ల కింద ఈ గోడ బయట ఒక అరుపు విన్నా, అది ఏంది అని అడిగినాడు. ఎట్లుండేది అని ఆయన అడిగినాడు. మా నాయన నోరు తెరిచి, మళ్లీ మూసుకుని నా వైపు చూసినాడు. "ఇక్కడ అరవకూడదని నువ్వే చెప్తివి కదా" అన్నాడు నాతో. తర్వాత చెయ్యి పైకి లేపి, అరుపు పైకి ఎట్ల పోతాదో, మళ్లీ ఎట్ల దిగుతాదో, రెండో గొంతు యాడ కలుస్తాదో చేత్తోనే గాలిలో గీసి చూపించినాడు. గ్రాఫ్ కాగితం మీద బుటా గీసినట్టు. కీపర్ ఆ చెయ్యి ఆగేదాకా చూసి, కొమ్మ మీద ఉన్న ఆడదాన్ని చూపించి "ఇవేనయ్యా" అన్నాడు. అప్పటివి ఇప్పుడు లేవు, అదే జాతివి ఇవి. పొద్దున గేటు తెరిచే టైంకి పాడతాయి, మధ్యాహ్నం అంతా మౌనం అని చెప్పినాడు.

మేం ఇంక కదల్లేదు. జూ మూసే దాకా అక్కడే కూర్చున్నాం. కారంజి చెరువు చూడలా, పులి సరిగ్గా చూడలా, ఏనుగుల్ని దూరం నుంచే చూసినాం. డబ్బులు పెట్టి అంత దూరం పోయి సగం జూ చూడకుండా వచ్చినాం అని మా చెల్లెలు ఫోన్లో అరిచింది. నాకు అట్ల అనిపించలేదు. అవి అరవలేదు. ఒకసారి మగది ఆడదాని పక్కకి పోయి కూర్చుంది, అంతే. మా నాయన దానికే "వస్తాది, వస్తాది" అని ముందుకి వంగినాడు.

నల్లమల_నడక:
తమ్ముడూ, మీ నాయన నోరు మూసుకుని చెయ్యి లేపినాడన్నావే, ముప్పై ఏండ్లు అడవిలో పనిచేసినా అట్లాంటి సందర్శకుణ్ణి నేను చూడలేదు. ఆయనకి నా నమస్కారం చెప్పు.

లంకమల_కడప:
అన్నా, ఆ గిబ్బన్ల చోటు ఎట్లుంది? పెద్దదేనా? చెట్లు ఉన్నాయా? అదే పనిగా అటూ ఇటూ తిరుగుతాండాయా?

మగ్గం_ధర్మవరం:
తమ్ముడూ, నీ కోసమే చూసినా. మూడు గంటల సేపు చూసినాం కాబట్టి చెప్పగలను, ఒకే గీత మీద తిరగలేదు. తాడు, కొమ్మ, నేల, మళ్లీ కొమ్మ. ఒకదాని వెంట్రుకల్లో ఇంకోటి వెతికింది. కానీ ఒక పక్క వేరే చోట ఎలుగుబంటి ఒకటి తల ఊపుతా నిలబడింది, అది నాకు నచ్చలేదు, అది కూడా రాయాల కదా. కీపర్‌ని అడిగితే సర్కస్ నుంచో ఆడించేవాళ్ల దగ్గర నుంచో వచ్చినవాటికి ఆ అలవాటు పోదని చెప్పినాడు.

లంకమల_కడప:
రాసినందుకు థాంక్స్ అన్నా. దాచకుండా చెప్పినావు.

రాయదుర్గం_టీచర్:
కారంజి చెరువు వదిలేసినందుకు బాధపడకండి. అక్కడ ఉండే కొంగలు మన చిలమత్తూరు పక్కన వీరాపురంలో కూడా ఉంటాయి, ఊరి మధ్యలో చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊళ్లో వాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. సీజన్లో ఆటో మాట్లాడుకుని ఒక పూటలో చూసి రావచ్చు, మీ నాయనకి నడక కూడా లేదు.

మగ్గం_ధర్మవరం:
సార్, అది తప్పకుండా. ఇప్పుడైతే వేరే సంగతి. పొద్దున ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం ముందర కూర్చుని మా నాయన "పొద్దున పాడతాయన్నాడు కదరా ఆయన" అన్నాడు, ఇంకేం అనలేదు. వచ్చే నెల మళ్లీ పోతాండాం. ఈ సారి ముందు రోజే దిగి, జూకి నడిచిపోయేంత దగ్గర్లో రూము తీసుకుని, 8.30కి గేటు దగ్గర ఉండాల. అక్కా, అక్కడ మెట్లు లేని, కింద అంతస్తులో రూములుండే లాడ్జి ఏదైనా నీకు తెలిస్తే చెప్పు. గుత్తి అన్నా, వచ్చే నెల రెండో వారంలో సోమవారం రాత్రి ట్రైనుకి లోయర్ దొరుకుతాదా, ఇప్పుడే చూసుకోవాలా?

గుత్తికోట:
ఇప్పుడే చూసుకో అన్నా, ఈ రాత్రికే. సోమవారం రాత్రి మన దగ్గర పన్నెండు దాటినాక ఎక్కుతావు కాబట్టి టికెట్ మీద డేటు మంగళవారం వేయాల, అది మర్చిపోయి చానా మంది తప్పు రోజుకి బుక్ చేస్తారు. మంగళవారం పొద్దున దిగుతారు, ఆ రోజు రెస్టు తీసుకోండి, బుధవారం పొద్దున్నే గేటు.

పెన్న_ఒడ్డు:
రూము నేను కనుక్కుంటా అన్నా, నా క్లాస్‌మేట్ అక్కడే ఉంది. గోడకి దగ్గరగా ఉండే వైపే అడుగుతా, కిటికీ తెరిస్తే వినపడాల.